రాళ్ళవాగు కొలత

వరంగల్
ఫిబ్రవరి 10, 1949

చెల్లె వరలక్ష్మికి,

అన్న వెంకట్రాజం దీవెనలు. అమ్మ పక్కనే కూర్చుని, "ముందుగాల నా దీవెనలు రాయి, నీ కతలు తర్వాత రాసుకో" అంటున్నది. రాశాను. ఇక కథ విను.

నేను జీపు కొన్నాను. నవ్వకు! సికింద్రాబాదులో మిల్ట్రీ వాళ్ళు పాత బండ్లు హర్రాజు వేస్తున్నారంటే, మన ఇనుప కొట్టుకు పాత సామాను తెద్దామని పోయాను. వరసలో అన్నిటికంటే చివర ఇది నిలబడి ఉంది. తలుపులు లేవు, పైన గుడ్డ చిరిగింది, ఒక దీపం పగిలింది. ఇనుము కొననీకి పోయినవాణ్ణి దాన్నే తోలుకుంటూ ఇంటికి వచ్చాను. అమ్మ వాకిట్లోకి వచ్చి చూసి, "గిదేం బండిరా? ఒళ్ళంత సొట్టలే ఉన్నై. దీనికి దిష్టి తియ్యాల్నా, దీన్ని చూసినందుకు మనకు తియ్యాల్నా?" అన్నది. బజారు బజారంతా నవ్వింది. నవ్వనీ.

ఎందుకు కొన్నానో నీకు తెలుసు. మూడేళ్ళ కింద నిన్ను పురిటికి తీసుకొస్తుంటే మీ ఊరి ముందరి రాళ్ళవాగులో ఎడ్లబండి ఇరుక్కుంది. ఇక్కడ దవాఖాన ఉంది, డాక్టరమ్మ ఉంది, మేమందరం వాకిట్లో నిలబడి ఉన్నాం. నువ్వేమో వానలో, రాళ్ళ మధ్య. బిడ్డ దక్కలేదు. అప్పటినుంచి ఆ వాగు నా కలలోకి వస్తుంది. కలలో నేనెప్పుడూ ఈ గట్టునే ఉంటాను, నువ్వు ఆ గట్టున ఉంటావు, పిలిస్తే వినబడదు.

మృగశిర కార్తె వచ్చిందంటే దసరా దాకా ఆ వాగు మిమ్మల్ని బయటికి రానీయదు. ఈ ఏడు అట్లా కానివ్వను. వానలు పడకముందే జీపు మీద వచ్చి నిన్ను మన ఇంటికి తెస్తాను. మాటంటే మాట.

ప్రస్తుతం బండి కట్టయ్య కొలిమి దగ్గర పడుకుని ఉంది. మడికొండ గుట్ట కాడ తోలి చూస్తుంటే రాయి తగిలి పెట్రోల్ ట్యాంకుకు చిల్లి పడింది. పెద్ద సంగతేమీ కాదు, ఫికర్ చెయ్యకు.

వెంకట్రాజం

ఇప్పలగడ్డ
ఫిబ్రవరి 18, 1949

అన్నయ్యకు, అమ్మకు దండాలు.

క్షేమమని రాస్తే నువ్వు నమ్మవు, లేదని రాస్తే అమ్మకు నిద్ర పట్టదు. కాబట్టి ఆ మాట వదిలేసి ముందుకు పోతున్నాను.

టపా తెచ్చే రన్నర్ పోశయ్య నీ ఉత్తరం ఇచ్చి, నేను చదివిందాకా కదల్లేదు. జీపు సంగతి విని అత్తమ్మ, "మీ అన్నకు జల్ది పెండ్లి చెయ్యున్రి. గీ పిచ్చిలన్ని అవే కుదురుతై" అన్నది. మీ బావ మాత్రం ఆ రోజంతా దుకాణంలో కూర్చుని వచ్చిన వాళ్ళందరికీ, "మా బామ్మర్ది మిల్ట్రీ బండి కొన్నడు" అని చెప్పుకున్నాడు.

ఒకటి అడుగుతాను, తప్పించుకోకు. నీ ఉత్తరం రాకముందు ఒక మధ్యాహ్నం నేను వాగులో బిందె ముంచుతున్నాను. ఎగువ నుంచి నీళ్ళ మీద రంగులు తేలుతూ వచ్చాయి. నెమలి మెడ మీద ఉండే నీలం, పసుపు, ఊదా. నా బిందె చుట్టూ తిరిగి, మెల్లగా విడిపోయి, దిగువకు పోయాయి. దోసిట్లోకి తీసుకుంటే ఉత్త నీళ్ళే. వాసన మాత్రం వేరే. మన వరంగల్ స్టేషన్ ముందర బస్సులు ఆగే చోట ఉంటుందే, ఆ వాసన. నేను ఒడ్డున ఒక రాతి మీద అట్లాగే కూర్చుండిపోయాను. మన కొట్టు, కట్టయ్య సుత్తె చప్పుడు, సందులో అమ్మ ఆరేసిన చీరలు అన్నీ ఎదురుగా ఉన్నట్టే అనిపించింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఇంటికి వచ్చి చెబితే మీ బావ, "పగటి కల గన్నవా ఏంది?" అని నవ్వాడు. అయ్యుండొచ్చు అనుకున్నాను. ఈ మధ్య కూర్చున్న చోటనే కన్ను మూతపడుతోంది. కలేదో మెలకువేదో సరిగా తెలియడం లేదు.

ఇప్పుడు నీ ఉత్తరంలో ట్యాంకుకు చిల్లి అని చదివాను. మడికొండ నీళ్ళు మా వాగులోకి రావు కదా అన్నయ్యా. నిజం చెప్పు, ఆ రోజు ఎక్కడిదాకా వచ్చావు?

నీ చెల్లె
వరలక్ష్మి

వరంగల్
మార్చి 2, 1949

చెల్లె వరలక్ష్మికి,

నీ దగ్గర అబద్ధం ఒక్క పూట నిలవదు. చిన్నప్పుడు బెల్లం తిని మూతి తుడుచుకుని వస్తే నువ్వు నా చేతులు వాసన చూసేదానివి. ఇప్పుడు వాగును వాసన చూశావు.

వచ్చాను. నీకు చెప్పకుండా వాకిట్లో దిగి హారన్ కొడదామని వచ్చాను. అడవి తొవ్వంతా బండి పాట పాడుతూ నడిచింది. మోదుగులు విరగబూశాయి. వాగు చూసి, నీళ్ళు మోకాలు లోతు కూడా లేవు, ఇంతేనా అనుకున్నాను. ఆ రెండు పెద్ద రాళ్ళ సందులోకి దించగానే ఎడమ చక్రం ఒక గుండు మీదికి ఎక్కి జారింది. బండి పక్కంతా రాయి మీద కూలబడింది. ఈ బండిలో పెట్రోల్ ట్యాంకు తోలేవాడి సీటు కిందనే ఉంటుంది. దానికీ రాయికీ నడుమ ఉత్త రేకే. నా కిందనే చిల్లి పడింది. నువ్వు చూసిన రంగులు అవే.

అమ్మ ఇచ్చిన సబ్బు ముద్ద చిల్లిలో కుక్కి, వెనక డబ్బాలో ఉన్నది పోసుకుని తిరిగి వచ్చాను. చెట్ల పైన మీ ఊరి పొగ కనబడుతూనే ఉంది. నడిచి రావచ్చు. కానీ నేను నడిచి రావడానికి కాదు గదా జీపు కొన్నది. సిగ్గేసింది, వరలక్ష్మీ.

ఇప్పుడు కట్టయ్యా నేనూ బండి కింద చాప వేసుకుని పడుకుంటున్నాం. కిందనుంచి చూస్తే అదొక వేరే లోకం. ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా, రెండు పక్కలా లావుపాటి ఇనుప కమ్మీలు కట్టాలని అనుకున్నాం. అవి చక్రాల కంటే జర బయటికే ఉండాలి. రాయి ముందు కమ్మీకి తగలాలి, బండి బరువు దాని మీద ఆగి జారాలి, రేకుకు దెబ్బ రాకూడదు. అట్లాంటివి ఎక్కడా అమ్మరు. మనమే చేసుకోవాలి.

ఎంత బయటికి పెట్టాలో తెలియాలంటే ఆ రెండు రాళ్ళ నడుమ సందెంతో కావాలి. బావను దారంతో కొలిచి, ఆ దారమే ఉత్తరంలో పెట్టి పంపమను.

వెంకట్రాజం

ఇప్పలగడ్డ
మార్చి 21, 1949

అన్నయ్యకు,

ఇందులో మడిచి పెట్టిన దారం దుకాణంలో పొగాకు కట్టలు కట్టేది. తెగదు. ముడి నుంచి ముడి దాకా నీ సందు.

మీ బావ ఇప్పపువ్వు కొనడానికి ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. అందుకని పక్కింటి మొగిలమ్మను తోడు తీసుకుని నేనే పోయాను. మొగిలమ్మ నీకు గుర్తుందా? ఆ రోజు బండిలో నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకున్నది ఆమెనే. తర్వాత ఈ మూడేళ్ళలో నేను ఆ రాళ్ళ దగ్గరికి పోలేదు. వాటికి దూరంగా, దిగువనే నీళ్ళు ముంచుకునేదాన్ని.

పొద్దున్నే పోయాం. తొవ్వ పొడుగునా ఇప్పపువ్వు రాలి ఉంది, తొక్కకుండా నడవడం కాలేదు. గాలి తియ్యగా, మత్తుగా ఉంది. రాళ్ళ నడుమ నిలబడితే నీళ్ళు పాదాల మీదనుంచి నెమ్మదిగా పోతున్నాయి. ఇదేనా ఆ వాగు అనిపించింది. మొగిలమ్మ ఆ రాతికి ఒక కొస ఆనించింది, నేను ఈ రాతికి ఒక కొస ఆనించాను. మా ఇద్దరి మధ్య దారం బిగిసి కొద్దిగా వణికింది. "గింత సందుల నుంచి మీ అన్న బండి వస్తదా?" అని మొగిలమ్మ అడిగింది. వస్తుందన్నాను. వచ్చినట్టే కనబడింది కూడా, నమ్ము. నువ్వు నెత్తికి రుమాలు కట్టుకుని, పళ్ళు బయటపెట్టి నవ్వుతూ.

ఒక చిన్న కోరిక. జీపులో కాళ్ళు చాపుకుని కూర్చునే చోటు ఉంటుందా? సీటు గట్టిదైతే మన పాత బొంత ఒకటి వెయ్యి. ఎందుకని అడక్కు, ఊరికే.

వరలక్ష్మి

వరంగల్
ఏప్రిల్ 3, 1949

చెల్లె వరలక్ష్మికి,

దారం అందింది. కట్టయ్య దాన్ని కొట్టు గోడకు మేకులు కొట్టి సాగదీశాడు. వచ్చిన గిరాకీలంతా అదేమిటని అడుగుతున్నారు. "మా చెల్లె ఊరి వాగు" అని చెబుతున్నాను.

కమ్మీలు అయినాయి! మొదట బండి రేకుకే బోల్టులు పెట్టించాను. మన సందు మలుపులో రాతి అరుగుకు ఆనించి చూస్తే కమ్మీ కాదు, రేకే లోపలికి పోయింది. కట్టయ్య మీద అరిస్తే, "రేకుకు పెట్టుమన్నది నువ్వే గద సావుకారీ, నన్నెందుకు తిడ్తవు?" అన్నాడు. ఇద్దరం నవ్వుకుని మళ్ళీ మొదలుపెట్టాం. ఇప్పుడు చక్రాలను మోసే అడుగు ఇనుప చట్టానికే దిట్టంగా బిగించాం. కమ్మీ కొసలు ఎర్రగా కాల్చి పైకి వంచాం, రాయి వాటికి చిక్కుకోకుండా. నీ దారం కంటే బెత్తెడు తక్కువ వెడల్పు వచ్చింది. అమ్మ చూసి, "బండికి వడ్డాణం పెట్టినవురా. గీ సోకు రేపు వచ్చే నీ పెండ్లానికి చెయ్యి" అన్నది.

ఇంకో సంగతి. బావ చింతపండు అమ్మడానికి ఇక్కడికి వచ్చాడు కదా, ఉగాది నాడు బండిని భద్రకాళి గుడికి తీసుకుపోయాం. అల్లుడి చేతితో కొబ్బరికాయ కొట్టిస్తే మంచిదని చేతికిచ్చాను. కొట్టనన్నాడు! ఎంత బతిమాలినా, "నాకు మొక్కున్నది, నువ్వే కొట్టుకో" అని కాయ నా చేతిలో పెట్టి దూరం జరిగాడు. మొక్కేంటో చెప్పడు. నాకు ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమె నా ముఖం చూసి, వంటింట్లోకి పోయి దేవుడి పటం ముందు నిలబడింది. మీరంతా నాకు అర్థం కారు.

శ్రీరామనవమి వెళ్ళగానే బయలుదేరుతున్నాను. పెట్టె సర్దుకో.

వెంకట్రాజం

వరంగల్
ఏప్రిల్ 12, 1949

వరలక్ష్మికి,

కోపంలో రాస్తున్నాను, అట్లాగే చదువు.

నిన్న వచ్చాను. బండి రాళ్ళ సందులోకి సగం దిగి బిగుసుకుపోయింది. ముందుకు పోదు, వెనక్కు రాదు. రెండు కమ్మీలూ రెండు రాళ్ళ నడుమ ఇరుక్కున్నాయి. అటుగా పోయే బండివాళ్ళను బతిమాలి, నాలుగు ఎడ్లను వెనక కట్టి గుంజితే బయటికి వచ్చింది. కమ్మీలు రాసుకుని నిప్పులు లేచాయి. ఎడ్లవాళ్ళు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

నీ దారం పట్టుకుని అక్కడే మళ్ళీ కొలిచాను. పైన నీ కొలత సరిగ్గా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ రాళ్ళు మోకాటి ఎత్తులో కడుపుల్లాగా ముందుకు పొంగి ఉన్నాయి. అక్కడ సందు ఎంతో ఇరుకు. నువ్వు నడుము దగ్గర పట్టుకుని కొలిచావు. బండి నీ నడుము ఎత్తున పోతుందా? నీళ్ళలోకి వంగి కిందుగా కొలిస్తే నీ సొమ్మేం పోయింది? ఇద్దరు ఆడవాళ్ళు పోయి పూలు చూసి వచ్చారు!

నెల రోజుల పని వృథా అయింది. వాన ఆగుతుందా మన కోసం?

వెంకట్రాజం

ఇప్పలగడ్డ
ఏప్రిల్ 16, 1949

అన్నయ్యకు,

వంగలేకపోయాను అన్నయ్యా.

ఏడో నెల నడుస్తోంది. దసరాకు నన్ను చూసి పోయావు కదా, ఆ తర్వాత సంగతి. ఆ రోజు నేను వంగబోతే మొగిలమ్మ చెయ్యి పట్టుకుని, "వద్దు బిడ్డా, నీళ్ళల్ల కాలు జారితే ఎట్ల?" అన్నది. అందుకే నిలబడే కొలిచాం. కింద రాళ్ళు పొంగి ఉన్నాయని మాకు తట్టలేదు.

చెప్పనందుకు తిట్టు. పోయినసారి మూడో నెలలోనే అందరికీ చెప్పాను. అమ్మ కుట్టిన చిన్న అంగీలు, నువ్వు తెచ్చిన వెండి గిన్నె, అన్నీ గుర్తున్నాయి కదా. మళ్ళీ అవి పెట్టెలో దాచుకోవడం నావల్ల కాదనుకున్నాను. మీ బావ చేత కూడా ఒట్టు వేయించాను. ఇంట్లో కడుపుతో ఉన్న భార్య ఉంటే మగవాడు కొబ్బరికాయ కొట్టకూడదంటారు. అందుకే మొక్కు అని తప్పించుకున్నాడు. అమ్మకు ఆ క్షణంలోనే అర్థమై ఉంటుంది. నీకు మాత్రం ఇనుము తప్ప ఏదీ అర్థం కాదు.

ఇప్పుడు నాకు భయంగా ఉంది. పోయినసారి తొమ్మిదో నెల దాకా ఆగడం వల్లనే వాన పట్టుకుంది. ఎనిమిదో నెల పడితే అత్తమ్మ గడప దాటనివ్వదు. "సరి నెలల తొవ్వ పట్టొద్దు" అంటుంది. ఆమెది పట్టుదల కాదు, ఆమెకూ భయమే. తొమ్మిదో నెల వచ్చేసరికి వాగు వస్తుంది. పది పన్నెండు రోజులు పోతే ఎనిమిది పడుతుంది. నేను మన ఇంట్లో కనాలి అన్నయ్యా. ఈ బిడ్డను నేను పోగొట్టుకోలేను.

పగలంతా పడుకుని ఇంటి దూలాలు చూస్తాను. ఒక్కోసారి ఇల్లే మెల్లగా ఊగుతూ వాగు దాటుతున్నట్టు ఉంటుంది.

వరలక్ష్మి

వరంగల్
ఏప్రిల్ 21, 1949

బంగారు తల్లీ,

నీ ఉత్తరం కొట్టులో నిలబడి చదివాను. తర్వాత కూర్చున్నాను. కట్టయ్య అడిగితే చెప్పాను. అతను సుత్తె కింద పెట్టి, "సావుకారీ, గట్లనా తిట్టేది ఆడబిడ్డను?" అన్నాడు. నిజమే. నా ఆ ఉత్తరం చింపెయ్. పొయ్యిలో పెట్టు.

అమ్మకు ఉగాది నాడే తెలుసట. "నువ్వు మొగోనివి, నీకు చెప్తే ఊరంత డప్పు కొడ్తవని ఊకున్న" అంటున్నది.

కమ్మీలు విప్పేశాం. ఈసారి చక్రాల వెడల్పు దాటకుండా లోపలికి జరిపాం. అడుగు చట్టం నుంచి మోచెయ్యిలా వంచిన ఇనుప ముక్కలు దించి, వాటి మీద కమ్మీని బిగించాం. రాయి పొంగు దానికి కిందుగా తగిలినా బండి పైకి లేచి జారుతుంది. బండి ఇరుక్కున్నప్పుడే నా కండువాతో కింది కొలత తీసుకున్నాను, కాబట్టి నువ్వు మంచం దిగకు. ఈసారి నిజంగానే మడికొండ గుట్టకు పోయాను. కావాలని ఒక గుండు మీద ఎడమ పక్కను పడేశాను. కట్టయ్య కళ్ళు మూసుకున్నాడు. కమ్మీ మోసింది. ట్యాంకుకు గీత కూడా పడలేదు.

బొంత వేశాను, ఒకటి కాదు రెండు. కాళ్ళు చాపుకోవడానికి వెనక సీటు తీసేశాను.

సోమవారం పొద్దున వస్తాను. నీళ్ళు తక్కువగా ఉన్నాయి, ఆకాశం తెల్లగా ఉంది. ఏడో నెలలోనే వాగు దాటుతావు.

నీ అన్న

ఇప్పలగడ్డ
జూలై 4, 1949

చెల్లెకు, అమ్మకు,

పైన ఊరి పేరు చూసి నవ్వుకుంటున్నావు కదూ? నవ్వు. నీ అత్తమ్మను పురిటి నాటికి తీసుకొద్దామని ఒక్క రోజు కోసం వచ్చి ఇక్కడ చిక్కుకున్నాను. మృగశిర ఎండగానే పోయింది, ఆరుద్ర రాగానే కుమ్మరించింది. వాగు గట్లు మించి పోతోంది. ఆ రెండు రాళ్ళు ఎక్కడున్నాయో కూడా కనబడవు. ఎన్ని కమ్మీలు కట్టినా దీనికి జవాబు లేదు. జీపు మీ దొడ్లో తడుస్తోంది, మేకపిల్లలు కమ్మీల మీద ఎక్కి ఆడుతున్నాయి. బావ నీ దగ్గర వరంగల్‌లో, నేను అతని దుకాణంలో. ఉప్పు, బెల్లం అమ్ముతున్నాను.

అత్తమ్మ మంచిది. పొద్దున్నే జొన్నరొట్టె పెట్టి, వాగు దిక్కు చూసి, "నా కోడలు ఎట్లున్నదో" అంటుంది. పగలు ఒక్కసారి కాదు, ఎన్నిసార్లో. నేను నీ మంచం మీద పడుకుని నువ్వు చెప్పిన దూలాలు చూస్తున్నాను. వాన చప్పుడుకు నిజంగానే ఇల్లు కదులుతున్నట్టు ఉంటుంది. మూడేళ్ళు నువ్వు ఈ చప్పుడు ఎట్లా విన్నావు చెల్లీ?

నన్ను తినేస్తున్నది ఒకటుంది, రాస్తున్నాను. ఆ సోమవారం నిన్ను తీసుకొస్తూ వాగు దాటేటప్పుడు ఎడమ కమ్మీ రాయి మీద పడి ఠంగుమంది. అంత చప్పుడు మడికొండ దగ్గర కూడా రాలేదు. బరువంతా దాని మీద ఆగి, నెమ్మదిగా జారి దిగాం. ట్యాంకు పదిలం, బండి పదిలం. నేను మాత్రం వెనక్కి తిరిగి నీ ముఖం చూడలేకపోయాను. గట్టు ఎక్కినా నువ్వు మాట్లాడలేదు. ములుగు దాకా మాట్లాడలేదు. జడిసిపోయావో, ఎక్కడైనా నొప్పి తగిలిందో, నా మీద కోపమో. అడగడానికి ధైర్యం చాలలేదు. ఇంటికొచ్చాక అమ్మ చేతుల్లో పడి మళ్ళీ మామూలుగా అయ్యావు, నేను ఊరుకున్నాను. నిన్ను ఏమైనా చేశానా? నీకు నెలలు నిండాయి, నేను ఇక్కడ ఉన్నాను, ఏమీ తెలియడం లేదు.

పోశయ్య నడుముకు తాడు కట్టుకుని, టపా నెత్తిన పెట్టుకుని దాటుతున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను. జవాబు జల్ది రాయి.

వెంకట్రాజం

వరంగల్
జూలై 13, 1949

అన్నయ్యకు, అత్తమ్మకు దండాలు.

ముందుగా ఇది అత్తమ్మకు గట్టిగా చదివి వినిపించు: ఆడపిల్ల. శుక్రవారం పగటిపూట, దవాఖానలో, సన్నటి తుప్పరలో. ఇద్దరం బాగున్నాం. రంగు అత్తమ్మది, మొండితనం మాత్రం నీదే అంటున్నది అమ్మ. మీ బావ ఎత్తుకోవడానికి భయపడి, మంచం చుట్టూ తిరుగుతూ చూసుకుంటున్నాడు. నీ వెండి గిన్నె పెట్టెలోంచి తీశాం.

ఇక మిగిలింది నీకు, నువ్వొక్కడివే చదువుకో.

నేను జడవలేదు, నాకు నొప్పి తగల్లేదు, నీ మీద కోపమూ రాలేదు. పోయినసారి ఆ రాళ్ళ నడుమ బండి ఇరుక్కున్నప్పుడు, అక్కడే నా బిడ్డ కదలడం మానేసింది. దవాఖానకు వచ్చాక పోయిందని మీరందరూ అనుకున్నారు. నేను ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. మొగిలమ్మకు తెలుసు, అప్పుడు నా పొట్ట మీద ఆమె చెయ్యి ఉంది. అక్కడినుంచి వరంగల్ దాకా ఆమెకూ నాకూ తెలిసే వచ్చాం.

ఈసారి నువ్వు బండి నీళ్ళలోకి దించగానే రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకున్నాను. ఆ రాళ్ళ మధ్యకు వచ్చేసరికి లోపల ఏ అలికిడీ లేదు. నీళ్ళు, పైన కొమ్మలు, నీ రుమాలు, అన్నీ ఎక్కడో దూరంగా కనబడుతున్నాయి. ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అప్పుడు నీ కమ్మీ ఠంగుమంది. ఆ చప్పుడుకు బిడ్డ ఉలిక్కిపడి తన్నింది అన్నయ్యా! ఒక్కసారి కాదు, గట్టు ఎక్కేదాకా తన్నుతూనే ఉంది. నోరు తెరిస్తే ఏడుస్తానని, ఏడిస్తే నువ్వు బండి ఆపుతావని, ఆ చోట ఒక్క గడియ కూడా ఆగకూడదని నోరు మూసుకున్నాను. ములుగు దాకా చేతులు తియ్యలేదు.

అదుగో, లేచింది. పాలకు ఏడుస్తోంది. ఉంటాను.

వరలక్ష్మి